గుఱ్ఱపు ట్రెయిలరు: వెనుక అంచున రబ్బరు బంపరు

మోటారు వాహనము వెనుక తగిలించి గుఱ్ఱములను ఒకచోటినుండి మఱొకచోటికి కొనిపోవుటకై నిర్మింపబడిన చక్రముల బండిని అమెరికా సంయుక్తరాష్ట్రములలో గుఱ్ఱపు ట్రెయిలరని వ్యవహరింతురు. ఆ బండి వెనుక ద్వారము క్రింద, నేలపలకలు ముగియుచోట, అడ్డముగా సాగిన ఇనుప లేక అల్యూమినియపు దూలమునకు కప్పుగా బిగించు దళసరి రబ్బరు పట్టీయే ఈ వ్యాసమునకు విషయమైన బంపరు. చూపున కిది అల్పవస్తువు. కొనువారిలో పలువురు గోడకు తగిలినపుడు బండి రంగు చెడకుండుటకై దీనిని పెట్టించుకొందురు. కాని గుఱ్ఱమునకు ఇది కాలిరక్ష, మఱియు ఈ రెండవ ప్రయోజనమే ప్రధానమని గ్రహించినపుడు గాని పట్టీ ఎంత దళసరిగా ఉండవలెను, ఎంతవఱకు వంగి దూలమును కప్పవలెను, బోల్టుల తలలు ఎచ్చట దాగవలెను అను ప్రశ్నలకు సరియైన సమాధానము లభింపదు.

ఈ వస్తువునకు ఎడతెగని పని కల్పించు ప్రదేశములలో వర్జీనియా రాష్ట్రపు ఉత్తరభాగ మొకటి. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పడమటి కొసనున్న షాంటిలీ నేడు పల్లెపట్టు కాదు. 1962లో వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయము తెఱవబడిన పిమ్మట దాని పరిసరములలో కార్యాలయములును, గిడ్డంగులును, గృహసముదాయములును క్రమక్రమముగా పెరిగి, 2003లో స్మిత్సోనియన్ సంస్థవారి ఉడ్వార్-హేజీ విమాన ప్రదర్శనశాల సైతము అచ్చటనే వెలసినది. కంప్యూటరు ఉద్యోగములకై వచ్చిన తెలుగు కుటుంబము లనేకములు ఇచ్చటను, ఇరుగుపొరుగున నున్న లౌడన్ కౌంటీలోను స్థిరపడినవి. సెలవుదినమున 50వ నంబరు రాజమార్గమునబడి పోవు అట్టి కుటుంబమునకు, గుఱ్ఱమును మోసికొనిపోవు ట్రెయిలరు ముందు కనబడుట వింత కాదు. ఏలనన ఆ మార్గమే పడమరగా సాగి, ఇరువది మైళ్ళ దూరమున, నక్కల వేటకును గుఱ్ఱపుశాలలకును ప్రసిద్ధికెక్కిన మిడిల్‌బర్గ్‌ను, దానికావల 1853నుండి అశ్వప్రదర్శనకు పేరుగన్న అప్పర్‌విల్‌ను చేరును. షాంటిలీకి ఉత్తరపుటంచున కౌంటీవారి ఫ్రైయింగ్ పాన్ ఫార్మ్ పార్కులో స్వారి పోటీలకు పైకప్పు గల మైదానమును, బయలు మైదానములును కలవు. గాయపడిన గుఱ్ఱమునకు లీస్‌బర్గ్‌లో, వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయమువారి మేరియన్ డ్యూపాంట్ స్కాట్ అశ్వవైద్యశాల 1984నుండి ఉన్నది. ఇంటినుండి మైదానమునకు, మైదానమునుండి ఇంటికి, ఎప్పుడైన ఆసుపత్రికి, ఇట్లు గుఱ్ఱము మాటిమాటికి బండి ఎక్కి దిగవలసిన దేశ మిది.

ఊరి పేరునకును గుఱ్ఱములకును దూరపు చుట్టఱికము కలదు. 19వ శతాబ్ది తొలినాళ్ళలో ఇచ్చట వెలసిన జమీందారీ భవనమునకు షాంటిలీ యని పేరిడినవారు, వెస్ట్‌మోర్లండ్ కౌంటీలో లీ వంశీయులకున్న అదే పేరుగల నివాసమును అనుసరించిరి. ఆ నివాసమునకు పేరు ఫ్రాన్సు దేశపు షాంటిలీ కోటనుండి వచ్చినది. ఆ ఫ్రెంచి షాంటిలీలో 18వ శతాబ్దిని బూర్బన్ రాజకుమారుడొకడు జాన్ ఓబేర్ అను శిల్పిచేత రాజప్రాసాదమును దలపించు గుఱ్ఱపుశాలను కట్టించినాడు. మరుజన్మమున తాను గుఱ్ఱమై పుట్టుదునని నమ్మి, ముందుచూపుతో వసతి యేర్పఱచుకొన్నాడని ఒక ఐతిహ్యము. పునర్జన్మ సిద్ధాంతమును ఇంత ఖర్చుతో ఆచరణలో పెట్టినవారు మన దేశమున కూడ అరుదు. వర్జీనియా షాంటిలీ భవనము మాత్రము అంతర్యుద్ధ కాలమున దగ్ధమైనది. 1862 సెప్టెంబరు 1వ తేదీన, ఉఱుములతో కూడిన పెనువానలో, ఈ పరిసరములందు జరిగిన పోరున ఉత్తరసేనకు చెందిన ఐజాక్ స్టీవెన్స్, ఫిలిప్ కేర్నీ అను సేనాపతు లిరువురును కూలిరి. అశ్వారూఢుడై పొరపాటున శత్రుపంక్తులలోనికి పోయి మరణించిన కేర్నీ గుఱ్ఱమును, జీనును, ఖడ్గమును ప్రతిపక్ష నాయకుడైన రాబర్ట్ లీ అనంతరము ఆతని భార్యకు పంపించినాడు.

గుఱ్ఱమును దూరదేశము చేర్చుట ఏకాలమునను సులభకార్యము కాలేదు. మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును రచించునంతగా అశ్వవిద్య ఆదరమందిన తెలుగునేలకు గుఱ్ఱములు వచ్చినది చాలవఱకు సముద్రముమీదుగనే. వానిలో ఎన్ని దారిలో చచ్చెడివో, విజయనగరమున వసించిన పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ వ్రాసిన వృత్తాంతమువలన ఊహింపవచ్చును: సాళువ నరసింహరాయలు హోర్ముజ్, ఏడెన్ రేవులనుండి గుఱ్ఱములను రప్పించుచు, ఓడలో చచ్చిన గుఱ్ఱపు తోకను తెచ్చి చూపినను బ్రతికియున్నదాని వెలయే వర్తకున కిచ్చెడివాడట. ప్రయాణనష్టమును రాజు భరించినపుడు వర్తకునకు గుఱ్ఱపు కాళ్ళమీద శ్రద్ధ ఏపాటి యుండునో చెప్పనక్కఱలేదు. పందెపు గుఱ్ఱమున కైతే లెక్క వేఱు. దాని విలువ యంతయు కాళ్ళలోనే యున్నది. 1836లో ఇంగ్లండున లార్డ్ జార్జ్ బెంటింక్, ఎలిస్ అను తన గుఱ్ఱమును గుడ్‌వుడ్‌నుండి సుమారు 250 మైళ్ళ దూరమున నున్న డాన్‌కాస్టర్ పందెమునకు, నడిపింపక, లోపల మెత్తలు కుట్టించిన మూతబండిలో ఎక్కించి, ఆఱు గుఱ్ఱములచేత లాగించి తెచ్చినాడు. ఎలిస్ ఇంకను గుడ్‌వుడ్‌లోనే యున్నదని తెలిసి, అంత దూరము నడచి సకాలమునకు రాజాలదని తలచిన జూదరులు దానికి వ్యతిరేకముగ విరివిగా పందెములు కాచిరి. ఎలిస్ సెయింట్ లెజర్ పందెమును గెలిచినది. జూదరుల ధనము బెంటింక్ పాలైనది. రైలుబండ్లును, 20వ శతాబ్దిని మోటారు బండ్లును వచ్చిన పిదప వేగము హెచ్చినది గాని, ఎక్కునపుడును దిగునపుడును గుఱ్ఱము పడు యాతన వేగముతో తగ్గునది కాదు.

నేటి ట్రెయిలర్లు పలువిధములు. రెండు గుఱ్ఱములను ప్రక్కప్రక్కన ముందుమొగముగ నిలుపునవి కొన్ని, ఏటవాలుగ నిలుపునవి కొన్ని. పికప్ ట్రక్కు వెనుక కొక్కెమునకు తగిలించు బంపర్‌పుల్ బండ్లు చిన్నవి, ట్రక్కు తొట్టెలోని గుండుమీదికి మెడ చాచి కూర్చుండు గూస్‌నెక్ బండ్లు పెద్దవి. ప్రస్తుత విషయమునకు ముఖ్యమైన భేదము మఱొకటి: వెనుక తలుపే క్రిందికి వాలి వంతెనవలె పఱచుకొను ర్యాంపు బండ్లు ఒక జాతి, ర్యాంపు లేక గుఱ్ఱము స్వయముగ కాలెత్తి ఎక్కవలసిన మెట్టు బండ్లు మఱొక జాతి. మెట్టు బండిలో నేలమట్టమునుండి బండినేల సుమారు ఒక అడుగు, ఒక్కొక్కప్పుడు అడుగున్నర ఎత్తున నుండును. బండి ఎక్కుటలో గుఱ్ఱమునకు ఈ ఎత్తు పెద్ద సమస్య కాదు. అంతకంటె ఎత్తైన మోడులను అది అడవిదారిలో అనాయాసముగ దాటగలదు. చిక్కంతయు దిగుటలో నున్నది, ఏలనన ప్రక్కప్రక్కన నిలుపు బండ్లలో తిరుగుటకు చోటుండదు గనుక గుఱ్ఱము వెనుకకు అడుగులిడుచు దిగవలెను.

గుఱ్ఱపు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచేత అది ఇంచుమించు 350 డిగ్రీల మేర చుట్టును చూడగలదు. చూడజాలని కొద్ది భాగము సరిగ తన వెనుకనే యున్నది. పైగా వెలుతురునుండి చీకటికిని, చీకటినుండి వెలుతురునకును దాని చూపు మన చూపుకంటె ఆలస్యముగ అలవడును. ఇట్టి జంతువు చీకటి పెట్టెవంటి బండిలోనుండి వెనుకకు నడచుచు, క్రింద నేల ఎంత లోతున నున్నదో తెలియక, వెనుక గిట్టను గాలిలో క్రిందికి చాచి తడవుచున్నపుడు, అంతవఱకు ఆనియున్న అంచు దాని కాలి ముందుభాగమునకు ఎదురుగ నుండును. గిట్ట దూరముగ పడినచో కాలు అంచును తాకదు. దగ్గఱగ పడినను, బెదరి జాఱినను, బండి క్రిందికి చొచ్చినను, అఱటన్ను బరువు వెనుక తోయుచుండగా ఆ కాలు అంచుమీద గీఱుకొనిపోవును. ముందుకాళ్ళకును ఇదే గతి. వెనుకకాళ్ళు నేల తాకినవెంటనే కొన్ని గుఱ్ఱములు పని ముగిసినదని తలచి ఒక్క ఊపున వెనుకకు దుముకును. అపుడు ముందుకాళ్ళు అంచును గట్టిగ కొట్టుకొనును.

గాయమగు చోటు కూడ దుర్బలమైనది. మోకాలికిని గిట్టపై కీలుకును నడుమనున్న పొడవైన ఎముకకు ముందువైపున కండ లేదు. చర్మమును, దాని క్రింద సన్నని స్నాయువును తప్ప ఎముకను కప్పునది మఱేమియు కానరాదు. మన తొడకు తగిలిన దెబ్బకును మోకాలిక్రింది ఎముకకు తగిలిన దెబ్బకును గల తేడా ఎఱిగినవారికి ఇది వివరింప పనిలేదు. గుఱ్ఱములో మఱొక విశేష మున్నది: దేహమున మఱెచ్చటను కానరానంతగా ఈ కాలిక్రింది భాగమున గాయము మానుటకు బదులు ఎఱ్ఱని మాంసము పొంగి, చర్మము కూడనీయక, నెలల తరబడి వైద్యుని పిలిపించుచుండును. గిట్టమొదలుకు దెబ్బ తగిలినచో గిట్టయే వికృతముగ పెరుగవచ్చును. గిట్ట నెలకు ఒక సెంటీమీటరు చొప్పుననే పెరుగును గాన ఆ లోపము అరిగి తొలగుటకు ఏడాది పట్టును. వీనికి భయపడియే పలువురు ప్రయాణమునకు ముందు గుఱ్ఱపుకాళ్ళకు మెత్తని తొడుగులు తొడుగుదురు. తొడుగులు మంచివే, కాని అలవాటులేని గుఱ్ఱము వానితో కాళ్ళను వింతగ ఎత్తి నడచును, వదులైన తొడుగు జాఱి కాలికి చుట్టుకొనును. అంచునే మెత్తపఱచుట ఏ గుఱ్ఱమునకైనను, ఎవరు తోలినను, మఱచిపోయినను పనిచేయు ఉపాయము.

ఈ దృష్టితో చూచిన బంపరు ఆకారము తనంతట తాను తేలును. దూలపు నిలువుముఖమునకు మాత్రము అతికిన చదునుపట్టీ గోడనుండి బండిని కాపాడునే గాని కాలిని కాపాడజాలదు. కాలు గీఱుకొనునది పైమూల, చిక్కుకొనునది క్రిందిమూల. కావున రబ్బరు పైమూలను గుండ్రముగ కప్పి, నిలువుముఖము మీదుగ దిగి, క్రిందిమూలను కూడ కొంత దాటి లోపలికి వంగవలెను. సగము చీల్చిన గొట్టమువంటి అడ్డుకోతతో, లోన బోలుగ తయారగు పట్టీలు అణగును గనుక గట్టిపట్టీలకంటె కాలికి హితము. గట్టిపట్టీ గోడ దెబ్బకు ఎక్కువ ఓర్చును. లోపలి నేలమీది రబ్బరుచాపయు బంపరు పైభాగమును ఒకే మట్టమున కలియవలెను. చాపకంటె బంపరు అంగుళ మెత్తు లేచియున్నచో గుఱ్ఱమునకు తట్టుకొను గడప ఏర్పడును, ఆ గడప వెనుక మూత్రమును పేడనీరును నిలిచి నేలపలకలను కుళ్ళజేయును; చాపకంటె దిగువ నున్నచో చాప అంచు పైకిలేచి లాడము దానిలో తగుల్కొనును. రెండును చూచితీరవలసిన లోపములు, తఱచుగా ఎవరును చూడనివి. పట్టీ మిక్కిలి దళసరియైనను చిక్కే: తలుపు మడతబందులు తిరుగుటకు చోటు చాలదు, గడియ పడదు. సాధారణముగ రెండు మూడంగుళములు చాలును.

రబ్బరులన్నియు ఒకటి కావు. చెట్టుపాలనుండి వచ్చు సహజరబ్బరు, 1839లో చార్లెస్ గుడ్‌యియర్ గంధకముతో కాచి గట్టిపఱచు మార్గము కనుగొనువఱకు ఎండకు కరగుచు, చలికి పెళుసెక్కుచు నుండినది. అట్లు గట్టిపఱచిన సహజరబ్బరు సాగుటలోను, చిరుగకుండుటలోను నేటికిని అగ్రగణ్యము. కాని గాలిలోని ఓజోను దానిని లాగబడియున్న వంపులవద్ద సన్నని పగుళ్ళుగ చీల్చును, మూలచుట్టు వంచి బిగించిన బంపరేమో లాగబడియే యుండును. ఇ.పి.డి.ఎం. అను కృత్రిమరబ్బరు ఓజోనుకును, సూర్యరశ్మికిని, నీటికిని బాగుగ ఓర్చును. నూనెకును గ్రీజుకును మాత్రము ఓర్వక ఉబ్బును గాన మడతబందులకు నూనె పోయువారు తుడిచివేయుట మఱువరాదు. పాత టైర్లను ముక్కలు చేసి, కడ్డీలకు గ్రుచ్చి బిగించిన దిమ్మలు సరుకుల గోదాముల వద్ద లారీల తాకిడికి వాడుదురు. విశాఖపట్టణపు రేవులో లాగుడు పడవల ప్రక్కల టైర్లు వ్రేలాడదీసిన తీరున ఇవియు దెబ్బకు ఓర్చును, చవుకకు దొరకును. కాని వాని మొగము గరుకు, అంచులు పదును, గుఱ్ఱపు చర్మమునకు తగవు. కాఠిన్యమును షోర్ అను కొలతలో చెప్పుదురు. టైరు పైపొర సుమారు 60, 70 అంకెల నడుమ నుండును, కాలికై పెట్టు పట్టీ అంతకు మించకుండుట మేలు. వేసవిని ఎండ మండి, శీతకాలమున నీరు గడ్డకట్టు ఉత్తర వర్జీనియాలో, మంచు కరగించుటకై రోడ్లమీద ఉప్పు చల్లుటయు కలదు. అచ్చటి బండికి ఇ.పి.డి.ఎం. పట్టీని ఎంచుకొనుట వివేకము.

బిగించుట తేలిక పనియే గాని తొందర పనికాదు. కేవలము జిగురుతో అతికించిన పట్టీ చలికి బిగిసి, ఎండకు సాగి, గుఱ్ఱపు బరువు కొసమీద పడిననాడు ఊడివచ్చును. సగము ఊడిన పట్టీ లేనిపట్టీకంటె అపాయకరము. బోల్టులతో బిగింపదలచినవారు మొదట వెనుక దీపముల తీగలు దూలములోపల ఎచ్చటినుండి పోవుచున్నవో, నీరు కాఱుటకు పెట్టిన రంధ్రము లెచ్చట నున్నవో తడవి చూచుకొని, మూలస్తంభములను, అతుకులను విడిచి, జానెడుకొకటి చొప్పున డ్రిల్లుతో రంధ్రములు చేయవలెను. ఇనుపదూలమైనచో తొలచినచోట రంగు పోయి లోహము బయటపడును. దానికి జింకు రంగు పూయనిచో తుప్పు అచ్చటనే పుట్టును. అల్యూమినియపు దూలమునకు స్టెయిన్‌లెస్ బోల్టు బిగించుటలో వేఱొక చిక్కు కలదు. ఉప్పునీరు తగిలినపుడు ఆ రెండు లోహములును కలిసి విద్యుద్ఘటముగ మాఱి అల్యూమినియము తినివేయబడును. నడుమ నైలాన్ వాషరు వేయుట దీనికి విఱుగుడు. రబ్బరులో బోల్టుతల దిగుటకు గుంట చేసి, తల పైకి రాకుండ దించి, వెడల్పైన వాషరుతో పట్టించి, వెనుకవైపు తిరిగి వదులుకాని నట్టు బిగింపవలెను. ఉష్ణమునకు రబ్బరు ఇనుముకంటె పదిరెట్లకు మించి సాగును. ఆఱడుగుల పట్టీ 40 డిగ్రీల తేడాకు సుమారు ఒక సెంటీమీటరు పొడవు మాఱగలదు. అందుచేత నడిమి బోల్టును గట్టిగ నిలిపి, కొసల రంధ్రములను కోలగ కోయువాడే పని తెలిసినవాడు.

ఇచ్చటనే ఈ పట్టీవలన కలుగు పెద్ద హానిని చెప్పవలసియున్నది. వెనుకదూలము ట్రెయిలరులో అన్నిటికంటె ముందు చెడు భాగము: లోపలి మూత్రము దానిమీదికే కాఱును, చక్రములు చిమ్మిన ఉప్పుబురద దానిమీదనే పడును, ఎక్కిదిగు గుఱ్ఱపు బరువంతయు దానిమీదనే మోపబడును. రబ్బరు దానిని కప్పినచో తుప్పు కనబడదు. పట్టీ వెనుక నిలిచిన తేమచేత తుప్పు త్వరపడును. ఓకు లేక ఔషధము పట్టించిన పైనుచెక్కతో చేసిన నేలపలకల కొసలు అదే దూలముమీద ఆనియుండును గనుక చెక్క కుళ్ళును కూడ బంపరు కప్పిపుచ్చును. నేల విఱిగి, పోవుచున్న బండిలో గుఱ్ఱపుకాలు రోడ్డున పడుటవంటి ఘోరము మఱొకటి లేదు. కావున పాతబండికి బంపరు పెట్టించుటకు ముందు చాపలెత్తి, పలకలను క్రిందినుండి స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూచి, దూలమును గీకి చూచి, చెడినదానిని మార్చినపిదపనే రబ్బరు తొడుగవలెను. తొడిగిన పిమ్మటను ఏడాదికొకమాఱు బోల్టులు విప్పి లోన కడిగి ఆఱబెట్టవలెను. కొత్త బంపరుతో మెఱయుచు అమ్మకమునకు వచ్చిన పాతబండిని చూచినపుడు కొనువాడు ముందుగ ఆ బంపరు వెనుకనే చూచుట మంచిది.

గోడను తాకునపుడు రబ్బరు చేయు మేలు లెక్కకు అందునది. రెండు టన్నుల బండి క్షణమునకు ఒక మీటరు వేగముతో, అనగా మనిషి మెల్లగ నడచు వేగముతో, వెనుకకు పోయి అరుగును తాకినదనుకొందము. దాని గమనశక్తి 1,000 జౌళ్ళు. ఇనుపదూలము రెండు మిల్లీమీటర్లు సొట్టపడి ఆగినచో సగటు బలము సుమారు 50 టన్నుల బరువునకు సమానమగును. రబ్బరు రెండు సెంటీమీటర్లు అణగి ఆపినచో అది 5 టన్నులకు దిగును. లాగుచున్న ట్రక్కు బరువును ఇందు కలుపలేదు. లోన నిలుచున్న గుఱ్ఱమునకు ఆ కుదుపు తగ్గుటయే ఇందలి లాభము, ఏలనన ఒకమాఱు అట్లు అదరిన గుఱ్ఱము మఱునాడు బండి ఎక్కుటకు నిరాకరించును.

బంపరను పేరు చూచి దీనిని, వెనుకనుండి వచ్చిన కారు బండిక్రిందికి చొచ్చుకొనిపోకుండ ఆపు ఇనుపకడ్డీతో పోల్చరాదు. 1967లో నటి జేన్ మాన్స్‌ఫీల్డ్ ప్రయాణించుచున్న కారు లూసియానాలో పెద్ద ట్రెయిలరు వెనుకభాగము క్రిందికి దూసుకొనిపోయి ఆమె మరణించిన పిమ్మట ఆ కడ్డీలకు ఆమె పేరే వాడుకలోనికి వచ్చినది. 1998నుండి అమలులోనున్న కేంద్రప్రభుత్వ నిబంధనలు, కొన్ని మినహాయింపులతో, మొత్తముబరువు 10,000 పౌనులు, అనగా 4,536 కిలోలు, అంతకు మించిన కొత్త ట్రెయిలర్లకు అట్టి కడ్డీని విధించుచు, దాని క్రిందియంచు నేలనుండి 560 మిల్లీమీటర్లకు మించి ఎత్తుండరాదని శాసించుచున్నవి. రెండు గుఱ్ఱముల చిన్నబండి సాధారణముగ ఆ బరువునకు లోబడియే యుండును. రబ్బరుపట్టీ పెట్టువాడు మఱువరాని చట్టము వేఱొకటి: వెనుక దీపములను, ఎఱ్ఱని ప్రతిఫలకములను, నంబరుపలకను, దానిమీది దీపమును పట్టీ ఏకోణమునను కప్పరాదు. 80 అంగుళములు, అంతకుమించి వెడల్పు గల ట్రెయిలరు వెనుక నడుమ వరుసగా నుండవలసిన మూడు ఎఱ్ఱదీపములు కొన్ని బండ్లలో ఈ దూలముమీదనే అమర్పబడియుండును. అట్టిచోట పట్టీని ముక్కలుగ కోసి దీపములకు దారి విడువవలెను, కోసిన కొసలను గుండ్రముగ చెక్కవలెను. వర్జీనియాలో 3,000 పౌనుల బరువు దాటిన ట్రెయిలరునకు బ్రేకులు తప్పనిసరి. బ్రేకుల తీగలును వెనుకదాక వచ్చు బండ్లలో డ్రిల్లు పట్టినవాడు వానిని కూడ చూచుకొనవలెను.

బంపరు ఎంత మంచిదైనను, దింపునపుడు చేయు పొరపాట్లను సరిదిద్దజాలదు. తలుపు తెఱచి, తొడల వెనుక అడ్డగడి విప్పునంతలో తల ఇంకను ముందు కట్టివేయబడియున్న గుఱ్ఱము వెనుకకు లాగి, ఆగి, భయపడి, మెడ ఎగవేసి కాళ్ళను తపతప కొట్టుకొనును. అందుచేత తలత్రాడు ముందు విప్పి, అడ్డగడి తరువాత తీయుట ఆచారము. ట్రక్కు కొక్కెము మిక్కిలి ఎత్తుననో తగ్గుననో యుండి బండి మట్టముగ లేనపుడు వెనుక మెట్టు ఎత్తు మాఱిపోవును. షాంటిలీనుండి పడమరకు పోవుకొలది నేల మిట్టపల్లములుగ నుండును గాన అచ్చటివారు బండి వెనుకభాగమును మిట్టవైపు త్రిప్పి నిలిపి, అడుగు మెట్టును జానెడు చేసికొందురు; ఇది కానీ ఖర్చులేని బంపరు. ర్యాంపు గల బండ్లలో మెట్టులేదు గనుక ఈ పట్టీతో పనియు తక్కువ, కాని ర్యాంపునకును నేలకును నడుమ మడతబందుల వద్ద నుండు సందులో గిట్టకొన చిక్కుటకు అవకాశమున్నది. దానిని కప్పుటకు వెడల్పైన చదునుపట్టీ, ఒకవైపు మాత్రము బిగించి, రెండవవైపు వదులుగ విడిచి అమర్చుదురు. హైదరాబాదు మలక్‌పేట మైదానమునకు బెంగుళూరు, చెన్నై, పూణేలనుండి పందెపు గుఱ్ఱములు రోడ్డుమీదనే లారీలలో వచ్చుచుండును; లారీనేల మిక్కిలి ఎత్తు గాన అందు మెట్టు మాటయే లేదు, ర్యాంపు గాని ఎత్తుకట్ట గాని ఉండితీరవలెను, రబ్బరు కావలసినదియు ఆ కట్టకును లారీకిని నడుమ మిగులు సందునందే.